ఎంబీబీఎస్ విద్యార్థి చేతికి ప్రోబు ఎప్పుడిస్తారు? వైద్య విద్య పెద్దలకు ఒక బహిరంగ లేఖ

జాతీయ వైద్య కమిషన్ అండర్ గ్రాడ్యుయేట్ వైద్య విద్యా మండలి అధ్యక్షులకు, విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి నమస్కారాలతో,

నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ ముగించుకొని మన కాలేజీల నుంచి బయటికి వస్తున్న యువ వైద్యుల్లో నేను చూసినంతవరకు ఎక్కువమంది అల్ట్రాసౌండ్ ప్రోబును, అంటే స్కానింగ్ యంత్రంలో ఒంటికి ఆనించే పరికరాన్ని, తమ చేత్తో పట్టుకొని రోగి ఒంటి మీద ఒక్కసారైనా ఆనించి ఎరగరు. స్కానింగ్ గదిలో ఓ మూల నిలబడి పీజీ చేస్తుంటే చూసినవారు ఉన్నారు. కేసు షీటుకు పిన్ను చేసి వచ్చిన రిపోర్టులో ఆఖరి రెండు పంక్తులు చదివి మందులు రాసినవారు ఉన్నారు. పిత్తాశయంలో రాయి వెనక నల్లటి నీడ ఎందుకు పడుతుందని వైవాలో అడిగితే తడుముకోకుండా చెప్పేవారూ ఉన్నారు. ఆ రాయినీ, ఆ నీడనూ తెర మీదికి తెచ్చి చూపించమంటే మాత్రం వారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఇందులో విద్యార్థుల తప్పేమీ లేదు. వారికి ఎవరూ నేర్పలేదు, నేర్పాలని ఎవరూ మమ్మల్ని అడగనూ లేదు.

నేను రేడియాలజిస్టును కాను. ఒక బోధనాసుపత్రిలో జనరల్ మెడిసిన్ పాఠాలు చెబుతూ క్యాజువాల్టీకీ ఐసీయూకీ మధ్య తిరిగేవాణ్ణి. అర్ధరాత్రి స్కానింగ్ చేసేవారి కోసం ఎదురుచూసే పక్షంలో ఉన్నవాణ్ణి కాబట్టి నా మాటల్లో ఆ పక్షపాతం కొంత ఉండవచ్చు. దాన్ని లెక్కలోకి తీసుకొనే ఈ లేఖ చదవమని మనవి.

నేను కోరుతున్నది ఎంబీబీఎస్ వైద్యుణ్ణి రేడియాలజిస్టుగా మార్చమని కాదు. కాలేయంలో కనిపించిన గడ్డ ఏ రకానిదో తేల్చడం, పిండం అవయవాలను ఒక్కొక్కటిగా పరిశీలించడం, రిపోర్టు రాసి సంతకం పెట్టడం ఏళ్ల తరబడి సాధన చేసినవారి పని, అది వారి దగ్గరే ఉండాలి. రోగి మంచం పక్కన నిలబడిన వైద్యుడికి ఉండే ప్రశ్నలు వేరు, అవి చాలా చిన్నవి. కడుపులో రక్తం చేరిందా లేదా? గుండె చుట్టూ నీరు పట్టిందా? ఊపిరితిత్తి ఛాతీ గోడకు ఆనుకొని కదులుతోందా? మూత్రం రాకపోవడానికి కారణం మూత్రాశయం నిండి ఉండటమా, అసలు మూత్రమే తయారు కాకపోవడమా? తొడ దగ్గరి సిర నొక్కితే అణుగుతోందా? వీటికి అవును, కాదు, తెలియదు అనే మూడు జవాబులే ఉంటాయి. ఈ మూడో జవాబు చెప్పగలగడం కూడా శిక్షణలో భాగమేనని తర్వాత మళ్లీ ప్రస్తావిస్తాను.

ఈ నైపుణ్యం ఎలాంటిదో తెలియాలంటే ఒక్క ఉదాహరణను దగ్గరగా చూడాలి. లారీ ఢీకొని జాతీయ రహదారి మీద పడిపోయిన యువకుణ్ణి 108లో తెచ్చారనుకుందాం. నాడి వేగంగా ఉంది, రక్తపోటు పడిపోతోంది, పైకి పెద్ద గాయం కనిపించడం లేదు. అప్పుడు కుడి పక్కన, చంక మధ్య నుంచి కిందికి గీసిన గీత మీద, అడుగు పక్కటెముకల దగ్గర, ప్రోబు మీది గుర్తు (మార్కరు) తల వైపు ఉండేలా ప్రోబును ఆనించాలి. మొదట తెర మీద కనిపించేది పక్కటెముక నీడ మాత్రమే. కొత్తవారు అక్కడే కంగారుపడి ప్రోబును పొట్ట అంతటా తిప్పడం మొదలుపెడతారు. చేయవలసిందల్లా చెయ్యి అక్కడే ఉంచి, ఎముకల సందులోకి వచ్చేలా ప్రోబును కాస్త తిప్పి, వెనక్కి వాల్చడమే. బూడిద రంగులో కాలేయం, దాని పక్కనే మూత్రపిండం, రెంటినీ అంటిపెట్టుకొని ఒక సన్నని తెల్లటి గీత కనిపిస్తాయి. ఆ గీత ఉండవలసిన చోట నల్లటి పట్టీ ఉంటే అక్కడ ద్రవం చేరిందని అర్థం. ఇలాంటి గాయపడినవాడిలో దాన్ని రక్తమనే భావించి సర్జనును పిలవాలి. అదే నల్లటి పట్టీ కాలేయం చెడిన మద్యపానపరుడిలో కనిపిస్తే అది ఏనాటి నుంచో ఉన్న నీరు కావచ్చు. ఎంత అనుభవం ఉన్నవారికైనా కొన్ని వందల మిల్లీలీటర్ల ద్రవం చేరేదాకా అక్కడ ఏమీ కనిపించకపోవచ్చు. కాబట్టి ఒకసారి చూసి ఏమీ లేదని వదిలేయకుండా కాసేపాగి మళ్లీ చూడాలి.

పై పేరాలో చెప్పినదంతా పుస్తకంలో ఉంది. చదివినవారికి అర్థమవుతుంది కూడా. ప్రోబును ఎంత వాల్చాలో, ఎంత నొక్కాలో, లావుపాటి మనిషిలో లోతు ఎంత పెంచాలో, జెల్లీ తక్కువైతే బొమ్మ ఎలా మాయమవుతుందో మాత్రం చేతికి తెలియాలి. ప్రోబు పట్టకుండా చెయ్యి దాన్ని నేర్చుకోదు.

ఊపిరితిత్తుల సంగతి ఇంకా ఆసక్తికరమైనది. గాలి ధ్వని తరంగాలను తిప్పికొడుతుంది కాబట్టి ఊపిరితిత్తులకు అల్ట్రాసౌండ్ పనికిరాదనే చాలాకాలం పుస్తకాలు చెప్పాయి. ఫ్రాన్స్ వైద్యుడు డేనియల్ లిక్టెన్‌స్టైన్, ఆయన సహచరులు ఆ తిప్పికొట్టిన తరంగాల గీతలనే చదవవచ్చని ఏళ్లపాటు చూపించారు. ఆయాసంతో వచ్చిన రోగిలో కారణాన్ని వేరు చేసే బ్లూ ప్రొటోకాల్‌ను 2008లో ప్రచురించారు. రెండు పక్కటెముకల మధ్య మెరిసే గీత మీద శ్వాసతో పాటు చీమలబారులా సాగే కదలిక ఉంటే ఆ చోట ఊపిరితిత్తికీ ఛాతీ గోడకూ మధ్య గాలి చేరలేదని ధైర్యంగా చెప్పవచ్చు. కదలిక లేకపోతే మాత్రం వెంటనే ఛాతీలో సూది గుచ్చకూడదు. పాత క్షయ వల్ల పొరలు అతుక్కుపోయినా, శ్వాసనాళంలో వేసిన గొట్టం కుడి వైపు లోపలికి జారిపోయి ఎడమ ఊపిరితిత్తికి గాలి అందకపోయినా ఆ కదలిక కనిపించదు. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో ఈ మెలకువ విదేశీ పుస్తకం నుంచి కాక మన వార్డులోని రోగి దగ్గరే నేర్పాలి.

ఇక మన ప్రాంతపు అవసరాలు. వానాకాలం వెళ్లేటప్పటికి మన ఆసుపత్రుల్లో డెంగీ రోగులు వరండాల్లో కూడా ఉంటారు. ప్లేట్‌లెట్ల సంఖ్య చుట్టూ జరిగే హడావుడిలో అసలు ప్రమాదమైన ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) నాళాల నుంచి కారిపోవడం మరుగున పడుతుంది. కుడి వైపు ఛాతీలో చేరే నీరు, పిత్తాశయం గోడ ఉబ్బడం స్టెతస్కోపుకూ, చేతి పరీక్షకూ అందకముందే ప్రోబుకు దొరుకుతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పనిచేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే కొలత) పెరిగిన రైతును చూసినప్పుడు, మూత్రపిండాలు కుంచించుకుపోయి ఉన్నాయా, మామూలు పరిమాణంలోనే ఉన్నాయా, అడ్డంకి వల్ల ఉబ్బి ఉన్నాయా అన్నది అక్కడికక్కడ తెలిస్తే ఎవరిని ఆ రోజే పంపాలో, ఎవరిని వారం తర్వాత రమ్మనాలో తేల్చుకోగలడు. పలాసలో 2023 డిసెంబరు నుంచి పెద్ద కిడ్నీ ఆసుపత్రి ఉంది. అక్కడికి ఎవరు వెళ్లాలో ఊళ్లో కూర్చుని నిర్ణయించవలసింది మాత్రం ఆ ఎంబీబీఎస్ డాక్టరే. పాడేరు, భద్రాచలం వైపు ఏజెన్సీ గ్రామాల నుంచి పెద్దాసుపత్రికి చేరడానికి పట్టే సమయం గురించి మీకు నేను చెప్పనవసరం లేదు.

ఇంత ఉపయోగం కనిపిస్తున్నా మనం ఎందుకు నేర్పడం లేదు? ఈ ప్రశ్న ఎక్కడ అడిగినా మొదట వచ్చే జవాబు ఒక్కటే: గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే పీసీపీఎన్‌డీటీ చట్టం. దీని గురించి వివరంగా మాట్లాడక తప్పదు. ఈ అంశంలో వైద్యులు సగం తెలిసి భయపడుతున్నారు, మిగతా సగం తెలియక విసుక్కుంటున్నారు.

1994లో చేసిన ఈ చట్టం 1996 జనవరి నుంచి అమల్లో ఉంది. 2003లో సవరణతో మరింత కట్టుదిట్టమైంది. గర్భస్థ శిశువు ఆడో మగో తెలుసుకోవడం, చెప్పడం నేరం. పరికరం ఉన్న ప్రతి చోటూ రిజిస్టరు కావాలి. గర్భిణికి చేసిన ప్రతి స్కానుకూ దాని వివరాలు నమోదు చేసే ఫారం ఎఫ్ నింపాలి, దానిలో లోపమే ఉల్లంఘన కిందికి వస్తుంది. తొలి నేరానికి మూడేళ్ల వరకు జైలు, పదివేల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. రికార్డుల లోపాలను గుమాస్తా పొరపాట్లుగా కొట్టిపారేయలేమని సుప్రీంకోర్టు 2019 మే నెలలో తేల్చిచెప్పింది. ఈ కఠినత్వం ఊరికే రాలేదు. ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశంలో 2001లో 927 మంది ఉంటే 2011కి 920 లోపుకు దిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 961 నుంచి 940 పరిసరాలకు పడిపోయారు. ఆ పతనంలో మా వృత్తివారి చేతులున్నాయి. కాబట్టి చట్టాన్ని సడలించమని అడిగే నైతిక హక్కు మాకు లేదు, నేను అడగడమూ లేదు.

అడుగుతున్నది స్పష్టత. చట్టం దృష్టి గర్భిణి మీద, పిండం మీద ఉంది. విద్యార్థికి నేర్పవలసినవి గుండె, ఊపిరితిత్తి, మెడలోని సిర, పురుషుడి మూత్రాశయం, ప్రమాదంలో గాయపడినవాడి కడుపు. అయినా యంత్రం ఒకటే కావడం వల్ల, దాన్ని ఎవరు వాడవచ్చో నిబంధనలు అర్హతలతో సహా చెప్పడం వల్ల, ఎంబీబీఎస్ విద్యార్థి రిజిస్టరైన వైద్యుడి పర్యవేక్షణలో, రిజిస్టరైన యంత్రం మీద, గర్భిణి కాని వ్యక్తిని స్కాన్ చేయవచ్చా అన్న ప్రశ్నకు కాలేజీ యాజమాన్యాలు తమకు తోచిన జవాబు చెప్పుకొంటున్నాయి. వాటికి తోచేది ఎప్పుడూ వద్దనే. యంత్రానికి సీలు పడితే ఆసుపత్రి మొత్తానికి స్కానింగ్ ఆగిపోతుందన్న భయంతో ప్రిన్సిపాల్ వద్దంటే ఆయన్ని తప్పుపట్టలేను.

కేంద్రం 2014 జనవరిలో ఆరు నెలల శిక్షణ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఎంబీబీఎస్ పట్టభద్రుడు 300 గంటల శిక్షణ పొంది, పరీక్ష నెగ్గితే ఉదర, కటి భాగాల అల్ట్రాసౌండ్ చేయవచ్చు. గర్భిణులకు స్కానింగ్ చేయదలచినవారికి అది తప్పనిసరిగా ఉండవలసిన శిక్షణే. ఛాతీ, గుండె, సిరల పరిశీలనకు ఆ దారి సరిపోదు. హౌస్ సర్జన్ మెడ సిరలో గొట్టం వేసేటప్పుడు సూది మొనను చూడటానికి ఆరు నెలల కోర్సు చేసి రావాలనడమూ సబబు కాదు. పైగా పోర్టబుల్ యంత్రాలను రిజిస్టరైన ఆవరణలోనే, అక్కడ చేరిన రోగులకే వాడాలని, లేదా పలు సేవలందించే సంచార వైద్య వాహనంలో భాగంగా వాడాలని 2012 నిబంధన చెబుతోంది. బోధనాసుపత్రి ఆవరణలో, వార్డులో చేరిన రోగి దగ్గర నేర్పితే ఆ షరతుకు ఇబ్బంది ఉండకూడదని నా అవగాహన. నా అవగాహనతో ఈ చట్టాన్ని అమలు చేసే జిల్లా అధికారి ఏకీభవించాలని ఏమీ లేదు. అందుకే ఈ మాట మీ నోట, కాగితం మీద రావాలి.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖతోనూ, ఈ చట్టం కింద ఏర్పడిన కేంద్ర పర్యవేక్షక మండలితోనూ సంప్రదించి జాతీయ వైద్య కమిషన్ ఒక ఉత్తర్వు తేగలిగితే, అందులో ఇవి ఉండాలని నా ప్రతిపాదన: బోధనకు వాడే యంత్రం కాలేజీ పేరున విడిగా రిజిస్టరై, నిర్ణీత గదిలో తాళం కింద ఉండాలి. దాన్ని తెరిచేది చట్టప్రకారం అర్హత ఉన్న, పేరు ముందుగా నమోదైన అధ్యాపకులే కావాలి. విద్యార్థి స్కాన్ చేసినంతసేపూ ఆ అధ్యాపకుడు పక్కనే ఉండాలి. గర్భిణులను, గర్భం ఉందేమోనన్న అనుమానం ఏ మాత్రం ఉన్న స్త్రీలను విద్యార్థి స్కాన్ చేయకూడదు. ప్రతి స్కానుకూ తేదీ, సమయం, చూసిన భాగం, పర్యవేక్షకుడి సంతకం రిజిస్టరులో ఉండాలి. యంత్రంలో నిల్వ అయిన బొమ్మలు ఆ రిజిస్టరుతో సరిపోలాలి. ఇంతకంటే కఠినంగా పెట్టినా అభ్యంతరం లేదు. అడ్డుగీత ఎక్కడుందో తెలియని స్థితి కంటే ఎంత గట్టి గీతైనా మేలు.

ఇక్కడ ఒక చిక్కు దాచకూడదు. గాయపడినవారిలో చూసే నాలుగు చోట్లలో ఒకటి పొత్తికడుపు. పిల్లలు కనే వయసులోని స్త్రీ స్పృహ లేకుండా వస్తే ఆమె గర్భవతో కాదో విద్యార్థికి తెలియదు. పైగా గర్భసంచి బయట పెరిగిన గర్భం పగిలి రక్తం కారుతున్న స్త్రీని కాపాడటానికి ఆ పరిశీలనే కీలకం. అలాంటి రోగిలో పొత్తికడుపును అర్హత ఉన్న డాక్టరే చూడాలి, విద్యార్థి పక్కన నిలబడి నేర్చుకోవాలి. పురుషుల్లో నేర్చుకున్న చేతికి ఆ చూపు తర్వాత అబ్బుతుంది.

చట్టం గురించి చివరగా ఒక్క మాట. మన స్కానింగ్ గదుల గోడల మీద లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవని, అది నేరమని రాసిన బోర్డు తప్పనిసరిగా ఉంటుంది. విద్యార్థులు దాన్ని గోడ మీది బోర్డుగానే, ఫోరెన్సిక్ పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్నగానే ఎరుగుదురు. ప్రోబు పట్టే మొదటి రోజే ఫారం ఎఫ్ చేతికిచ్చి, దానిలో ప్రతి గడీ ఎందుకుందో చదివించి, తర్వాతే యంత్రం ఆన్ చేయిస్తే ఆ చట్టం వారికి చదువులో భాగమవుతుంది. నేర్పకుండా ఉంచితే దుర్వినియోగం ఆగుతుందనే వాదన నాకు నిలబడేదిగా కనిపించదు. చట్టాన్ని తుంగలో తొక్కినవారిలో పూర్తి అర్హతలున్నవారూ ఉన్నారు, ఏ అర్హతా లేని నకిలీలూ ఉన్నారు. ఆ నేరాల్లో ఎంబీబీఎస్ విద్యార్థికి ఊపిరితిత్తి చూడటం నేర్పడం వల్ల జరిగినవి ఏమిటో ఎవరైనా చెప్పగలరా?

పాఠ్యప్రణాళిక సంగతికి వస్తాను. 2019లో చేరిన బ్యాచి నుంచి సామర్థ్యాల ఆధారంగా బోధన మొదలైంది. 2024 సెప్టెంబరులో దాని మార్గదర్శకాలను సవరించారు. ప్రతి అంశానికీ విద్యార్థి దాన్ని తెలుసుకుంటే చాలా, ఎలా చేయాలో చెప్పగలగాలా, చేసి చూపగలగాలా, స్వయంగా చేయగలగాలా అన్న మెట్లు అందులో ఉన్నాయి. ఈ పద్ధతి మంచిదే. అల్ట్రాసౌండ్ మాత్రం ఇప్పటికీ చాలావరకు వివరించగలిగితే చాలనే మెట్టు మీదే ఉండిపోయింది. మంచం పక్కన చేసే అయిదారు పరిశీలనలను చేసి చూపగల మెట్టుకు ఎక్కించడమే నేను కోరే మార్పు. అందుకు కొత్త సబ్జెక్టు అక్కర్లేదు, కొత్త పరీక్ష పేపరు అసలే వద్దు. మన విద్యార్థుల నెత్తిన ఇప్పటికే ఉన్నవి చాలు.

మొదటి సంవత్సరం అనాటమీలో శవ విచ్ఛేదన చేసే వారంలోనే, అదే అవయవాన్ని బతికున్న మనిషిలో చూపించవచ్చు. ఫార్మలిన్‌లో గట్టిపడిన కాలేయాన్ని చేత్తో తడిమిన విద్యార్థికి, ఊపిరి పీల్చినప్పుడు అది కిందికి జారి రావడం తెర మీద కనిపిస్తే, కాలేయాన్ని తడిమేటప్పుడు రోగిని ఊపిరి పీల్చమని ఎందుకు అడుగుతామో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఆ వయసులో థైరాయిడ్, మెడలోని ధమని, సిర, మూత్రపిండం చాలు. నొక్కితే సిర అణిగి, ధమని అణగకపోవడం ఒక్కటి చూసినా వారికి ఎంతో అర్థమవుతుంది. క్లినికల్ సంవత్సరాల్లో మెడిసిన్, సర్జరీ పోస్టింగుల్లో ఛాతీలో నీరు, కడుపులో నీరు, నిండిన మూత్రాశయం చూపాలి. మూత్రాశయం పొడవు, వెడల్పు, లోతులను గుణించి 0.52తో హెచ్చిస్తే లోపలున్న మూత్రం ఎంతో సుమారుగా తెలుస్తుందన్నది నేర్పడం తేలిక, రాత్రి డ్యూటీలో ఉపయోగమూ ఎక్కువ. హౌస్ సర్జన్సీలో క్యాజువాల్టీ, అనస్థీషియా పోస్టింగుల్లో మిగతావి నేర్పి, స్టేషన్ల వారీగా నైపుణ్యాలను పరీక్షించే, ఇప్పుడున్న ఓస్కీ పరీక్షలో ఒక్క స్టేషను పెడితే చాలు. విద్యార్థి ప్రోబు పట్టి కాలేయం, మూత్రపిండాల మధ్య చోటును తెర మీదికి తేవాలి, ఏం కనిపిస్తోందో చెప్పాలి, ఆ తర్వాత ఏం చేస్తాడో చెప్పాలి. మొదటి రెండింటి కంటే మూడో దానికే ఎక్కువ మార్కులు ఉండాలి.

ఏవి నేర్పకూడదన్నదీ చెప్పాలి. కడుపులోని పెద్ద సిర వ్యాసాన్ని చూసి రోగికి సెలైన్ ఎంత ఎక్కించాలో లెక్కగట్టే పద్ధతి మీద పెద్దలకే ఏకాభిప్రాయం లేదు. దాన్ని విద్యార్థులకు మొదటే చెబితే సంఖ్యను నమ్మి రోగిని మరిచిపోతారు. గుండె కవాటాల జోలికి, కాలేయం కొవ్వు గ్రేడింగ్ జోలికి కూడా పోనక్కర్లేదు. ప్రోబును కొత్త స్టెతస్కోపు అని పిలిచే వాడుక ఒకటి వచ్చింది, నాకది నచ్చదు. స్టెతస్కోపు పెట్టి వినడం, చేత్తో తడమడం, రోగిని కూర్చోబెట్టి చరిత్ర అడగడం మానేసి నేరుగా ప్రోబు తీసేవాణ్ణి మనం తయారుచేస్తే ఈ లేఖ రాసినందుకు నేనే చింతించవలసి వస్తుంది. ముందు పరీక్ష చేసి, తన అనుమానమేమిటో నోటితో చెప్పాకే విద్యార్థికి ప్రోబు అందించాలి.

రేడియాలజీ మిత్రుల అభ్యంతరాలను తేలిగ్గా తీసుకోకూడదు. వారి భయం ప్రధానంగా అతివిశ్వాసం గురించి. నాలుగు స్కాన్లు చేసిన కుర్రవాడు ఏమీ లేదని చెప్పి రోగిని ఇంటికి పంపేస్తే బాధ్యత ఎవరిదని వారడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అందుకే విద్యార్థి స్కాన్ ఏదీ రిపోర్టుగా చలామణీ కాకూడదు, కేసు షీటులో దాని ఆధారంగా ఏ రోగ నిర్ణయాన్నీ కొట్టివేయకూడదు. ఉందని తేలినప్పుడు చకచకా కదలడానికి ఇది పనికొస్తుంది గానీ, లేదని నిశ్చింతగా ఉండటానికి పనికిరాదని మొదటి రోజు నుంచీ నూరిపోయాలి. సరిగ్గా కనిపించడం లేదు, నాకు తెలియదు అని చెప్పిన విద్యార్థికి మార్కులు తగ్గించకుండా పూర్తిగా ఇచ్చే పరీక్షా పద్ధతి కావాలి.

బోధించేవారి కొరత రెండో సమస్య, నిజానికి ఇదే పెద్దది. 2022, 2023 సంవత్సరాల్లో తెలంగాణలో జిల్లా కేంద్రాల్లో వరసగా కాలేజీలు తెరిచారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లో ఒకేసారి అయిదు మొదలయ్యాయి. కొత్త కాలేజీలో రేడియాలజీ అధ్యాపకులకు బయట వరసలో కూర్చున్న రోగులను ముగించేసరికే మధ్యాహ్నం దాటిపోతుంది. 150 మంది బ్యాచిని అయిదుగురేసి విడగొడితే 30 జట్లు అవుతాయి. ఒక్కో జట్టుకు ఒక్కో అంశానికి గంట చొప్పున కేటాయించినా ఎవరో ఒకరి మీద ముప్ఫై గంటలు పడతాయి. ఆ భారమంతా వారి మీద వేయమనడం అన్యాయం. చట్టం అనుమతించిన మేరకు ఎమర్జెన్సీ మెడిసిన్, అనస్థీషియా, జనరల్ మెడిసిన్ అధ్యాపకుల్లో అర్హులను ఇందుకు నమోదు చేయాలి. పీజీలకు బోధనలో భాగం ఇవ్వాలి. రేడియాలజీ విభాగం నెలకోసారి విద్యార్థులు నిల్వ చేసిన బొమ్మలను చూసి దిద్దే పాత్ర తీసుకుంటే చాలు. నైపుణ్య ప్రయోగశాల ప్రతి కాలేజీలో తప్పనిసరి అని మీ నిబంధనలే చెబుతున్నాయి కాబట్టి తొలి సాధన అక్కడి రబ్బరు మనిషి బొమ్మల మీద జరగవచ్చు. అయితే రబ్బరు బొమ్మకు చలి వేయదు, నొప్పి పుట్టదు. చల్లటి జెల్లీ ఒంటికి తగలగానే రోగి ఉలిక్కిపడతాడని, ముందే చెప్పి రాయాలని, పని అయ్యాక మనమే తుడవాలని, ప్రోబును శుభ్రం చేశాకే తర్వాతి రోగి దగ్గరికి వెళ్లాలని మనిషి దగ్గరే నేర్చుకోవాలి.

విద్యార్థులు ఒకరి మీద ఒకరు సాధన చేసే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. మన దగ్గర దానికి కొన్ని హద్దులు కావాలి. రాతపూర్వక అంగీకారం ఉండాలి, ఇష్టం లేనివారి మీద ఒత్తిడి ఉండకూడదు, విద్యార్థినుల మీద కడుపు స్కాన్లు పూర్తిగా మానుకోవాలి. తోటి విద్యార్థి మెడలో అనుకోకుండా థైరాయిడ్ గడ్డ కనిపిస్తే దాన్ని అందరి ముందూ ప్రకటించకుండా ఎవరికి చెప్పాలో, ఎలా చూపించాలో ముందే రాసి పెట్టుకోవాలి.

అమెరికాలో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 2006లోనే నాలుగేళ్ల చదువు పొడవునా అల్ట్రాసౌండ్‌ను కలిపి బోధించడం మొదలుపెట్టింది. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ కళాశాల వంటివి ఆ దారి పట్టాయి. వాటిని చూసి మనమూ ప్రతి విద్యార్థి జేబులో ఒక చేతి యంత్రం పెట్టాలని నేను అనడం లేదు. మన చట్టం వేరు, ఆ చట్టం అవసరమైన సమాజమూ వేరు. బ్యాచికి రెండు మామూలు యంత్రాలు, వాటికి ఒక వంపు ప్రోబు, ఒక చదునైన ప్రోబు, కావలసినంత జెల్లీ, సంరక్షణ ఒప్పందం ఉంటే చాలు. సంరక్షణ ఒప్పందాన్ని ప్రత్యేకంగా రాయడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. కొన్న యంత్రం ఏడాదిలో మూలపడితే దాన్ని బాగుచేయించే పద్దు ఎవరి దగ్గరా ఉండదు.

ఇద్దరు ఉపకులపతులకు నా విన్నపం ఇది. కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ పరిధిలోని రెండేసి పాత కాలేజీల్లో, రెండేసి కొత్త జిల్లా కాలేజీల్లో జిల్లా అధికారుల రాతపూర్వక అనుమతితో, మొదట హౌస్ సర్జన్లకు మాత్రమే దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టవచ్చు. ఏడాది తర్వాత వారి రిజిస్టర్లు, నిల్వ బొమ్మలు, పరీక్ష ఫలితాలు, ఫిర్యాదులు ఏమైనా వస్తే వాటితో సహా ప్రజల ముందు పెట్టండి. ఫలితం బాగా లేకపోతే ఆపేయమని నేనే మొదట రాస్తాను. పెద్ద ఊరి కాలేజీలో మాత్రమే చేసి విజయం ప్రకటించవద్దు. అధ్యాపకులు తక్కువ ఉన్న చోట ఇది నడుస్తుందా లేదా అన్నదే తేలవలసిన అసలు విషయం.

విద్యా మండలి అధ్యక్షులకు విన్నపం: విద్యార్థి పర్యవేక్షణలో చేసే స్కానింగ్ విషయమై మంత్రిత్వ శాఖ నుంచి స్పష్టీకరణ తెప్పించి ప్రతి కాలేజీకీ పంపండి. జవాబు చేయకూడదనే వచ్చినా సరే, కారణంతో సహా పంపండి. అప్పుడు కనీసం ఏ నిబంధన మార్చాలని అడగాలో మాకు తెలుస్తుంది. ఈ లోగా రిజిస్టరు నమూనా, ఓస్కీ స్టేషను నమూనా తయారుచేసి ఇవ్వడానికి నాలాంటి అధ్యాపకులు చాలామంది సిద్ధంగా ఉన్నారు. మీ కార్యాలయం పిలిస్తే సొంత ఖర్చుతో వస్తాము.

ఇట్లు,
భవదీయుడు,
ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి జనరల్ మెడిసిన్ అధ్యాపకుడు